మీరు రాయకపోతే చట్టం రాసిన వీలునామా

అందరికీ నమస్కారం.

"నాకేమంత ఆస్తి ఉందని వీలునామా రాయాలి?" వకీలుగా నేను ఎక్కువసార్లు విన్న ప్రశ్న ఇదే. ఒక ఇల్లు, బ్యాంకులో కొంత డిపాజిట్, కాస్త బంగారం. అన్నదమ్ములు కోర్టుకెక్కడానికి అవి చాలు. పైగా మీరు రాయకపోయినా మీ తరఫున పార్లమెంటు 1956లోనే ఒకటి రాసిపెట్టింది. అదే హిందూ వారసత్వ చట్టం. ముస్లింలకు, క్రైస్తవులకు నియమాలు వేరు కాబట్టి ఇవాళ హిందూ కుటుంబాల వరకే మాట్లాడతాను.

పురుషుడు వీలునామా లేకుండా మరణిస్తే అతని స్వార్జితం భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు, తల్లికి సమానంగా వస్తుంది. వీరిలో ఎవరున్నా తండ్రికి వాటా లేదు. "పెళ్లిలో పసుపు కుంకుమ కింద ఇచ్చేశాం కదా, ఇక అమ్మాయికి వాటా ఏమిటి?" అంటారు కొందరు. ఆ లెక్క చట్టంలో లేదు. ఉమ్మడి ఆస్తిలో 2005 సవరణతో కూతురు కూడా పుట్టుకతోనే హక్కుదారు అయింది. ఆ సవరణ నాటికి తండ్రి జీవించి లేకపోయినా ఆమె హక్కు పోదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది.

తాత సొంతంగా సంపాదించినది తండ్రికి వారసత్వంగా వస్తే, అందులో మనవడికి పుట్టుకతో హక్కు రాదు. 1986 నుంచి సుప్రీంకోర్టు మాట ఇదే. అయినా "తాతగారి ఆస్తి" అంటూ తండ్రి మీద దావా వేసే కుర్రాళ్లు ఇప్పటికీ వస్తూనే ఉన్నారు.

ఇక ఆడవారి ఆస్తి సంగతి. ఇక్కడ కొంచెం ఆగాలి. పిల్లలు లేని వితంతువు తన జీతంతో ఇల్లు కట్టుకుని, వీలునామా రాయకుండా మరణించిందనుకోండి. ఆ ఇల్లు ఎవరికి? ఆమె తల్లిదండ్రులకు అనుకుంటారు. కాదు, ముందు భర్త వారసులకు. 2009లో సుప్రీంకోర్టు ముందుకు ఇలాంటి కేసే వచ్చింది. పెళ్లయిన మూడు నెలలకే భర్త పోయాడు, అత్తింటివారు వెళ్లగొట్టారు. పుట్టింటివారు చదివిస్తే ఉద్యోగం చేసి కూడబెట్టుకుంది. ఆమె పోయాక ఆ సొమ్ము కోసం కన్నతల్లి వచ్చింది. దక్కింది మాత్రం భర్త అక్కచెల్లెళ్ల కొడుకులకు. సానుభూతి వేరు, చట్టం వేరని కోర్టు చెప్పింది. పుట్టింటి నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తి అయితే పుట్టింటి వైపే తిరిగి వెళుతుంది, స్వార్జితానికి ఆ రక్షణ లేదు. నా దృష్టిలో ఈ నియమం అన్యాయం. కానీ పార్లమెంటు మార్చేదాకా ఆగనక్కరలేదు. ఒక కాగితం, ఇద్దరు సాక్షులు చాలు.

నిజంగానే అంతే. వీలునామాకు స్టాంపు పేపరు అక్కరలేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. చేయిస్తే మంచిది, తర్వాత సంతకం ఫోర్జరీ అనేవారి నోరు కొంత మూతపడుతుంది. సాక్షులు మీకంటే చిన్నవారై ఉండాలి. ఇది చట్టం కాదు, నా సలహా. రేపు కోర్టులో సాక్ష్యం చెప్పవలసినది వారే మరి. ఆస్తి పొందేవారిని సాక్షిగా పెట్టకండి.

"నామినీ పేరు రాశాను, సరిపోదా?" సరిపోదు. బ్యాంకు డిపాజిట్లలోనైనా షేర్లలోనైనా నామినీ డబ్బు అందుకునే మనిషే తప్ప యజమాని కాడు. అసలు వారసులకు లెక్క అప్పగించాలి. షేర్ల విషయంలో 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. జీవిత బీమాలో మాత్రం 2015 నుంచి తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీలైతే వారి సంగతి వేరు.

చివరిగా, బతికుండగానే పిల్లలకు ఇల్లు రాసిచ్చేసే తల్లిదండ్రులకు ఒక మాట. రిజిస్టరైన దానపత్రం మనసు మారిందని రద్దు కాదు. పోషణ నిరాకరించిన పిల్లల నుంచి ఆస్తి వెనక్కి తీసుకోవడానికి 2007 నాటి వయోవృద్ధుల చట్టంలో 23వ సెక్షన్ ఉంది. కానీ "నన్ను చూసుకోవాలి" అనే షరతు మీద ఇచ్చినట్టు తేలాలి. మనవాళ్లు దస్తావేజులో "ప్రేమాభిమానాలతో" అని రాయించి ఊరుకుంటారు. షరతు రాయమంటే కొడుకు నొచ్చుకుంటాడని వెనకాడేవారికి నేను చెప్పేది, అయితే దానపత్రం వద్దు, వీలునామా రాయండి. బతికున్నంత కాలం దాన్ని ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు, ఇల్లు మీ పేరు మీదే ఉంటుంది.