రాసింది పుస్తకం అయ్యేదాకా

శ్రోతలందరికీ నమస్కారం.

మన ఇళ్లలో పుస్తకం కావలసిన రాతలు ఎన్నో బీరువాల్లోనే ఉండిపోతున్నాయి. రిటైరైన మాస్టారి డైరీలు, ఆర్టీసీ కండక్టరు రాసుకున్న అనుభవాలు, అమ్మమ్మ పాడితే మనవరాలు నోట్‌బుక్కులోకి ఎక్కించిన పాటలు. అలాంటివాళ్లు "అచ్చు వేయించాలంటే ఎంతవుతుందండీ?" అని ముందు ఖర్చు సంగతే అడుగుతారు. ప్రెస్సు మాట ఆఖర్న ఎత్తండి అంటాను నేను. అంతకన్నా ముందు తేలాల్సినవి చాలా ఉన్నాయి.

మొదటిది రాత. జీవితం గురించి రాసేవాళ్లు సాధారణంగా పుట్టిన ఊరు, తాతముత్తాతల దగ్గర మొదలుపెడతారు. పది పేజీలు తిరగేసరికి వాళ్లకే విసుగొస్తుంది. మీరు ఎవరికైనా మళ్లీమళ్లీ చెప్పే సంఘటన ఒకటి ఉంటుంది కదా, ముందు అది రాయండి. మిగతావి దాని చుట్టూ వాటంతట అవే వచ్చి చేరతాయి. వరస తర్వాత చూసుకోవచ్చు.

రాయడం పూర్తయ్యాక ఇంట్లోవాళ్లకు కాకుండా బయటివాళ్లకు ఇచ్చి చదివించండి. "బాగుందా?" అని అడిగితే ఎవరైనా బాగుందనే అంటారు. "ఎక్కడ చదవడం ఆపేశారు?" అని అడగండి. ఇద్దరు ముగ్గురు ఒకే చోట ఆపేశారంటే ఆ చోటు మళ్లీ రాయాల్సిందే. వీలుంటే ఎడిటింగ్ తెలిసినవాళ్లకు డబ్బిచ్చి చూపించండి. ఆవిష్కరణ సభకు హాలు, శాలువాలు, భోజనాలు అని వేలు ఖర్చుపెట్టేవాళ్లు ఎడిటరుకు ఇవ్వడానికి వెనకాడటం చూస్తే నాకు బాధేస్తుంది. సభ ఒక్క సాయంత్రంతో అయిపోతుంది. పుస్తకంలో మిగిలిపోయిన తప్పు అది ఉన్నన్నాళ్లూ ఉంటుంది.

ఇక డీటీపీ, అంటే రాసినదాన్ని కంప్యూటర్లో పుస్తకం పేజీలుగా అమర్చడం. మనం ఫోన్లో, కంప్యూటర్లో టైపు చేసేది యూనికోడ్. చాలా డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ వాడేది అను ఫాంట్లు. ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చేటప్పుడు వత్తులు పక్కకు జరుగుతాయి, మధ్యలో ఉన్న ఇంగ్లీషు మాటలు అర్థంలేని తెలుగు అక్షరాలైపోతాయి. మీ ప్రతిలో తప్పు లేకపోయినా అచ్చులో వచ్చేది ఇందుకే. కాబట్టి ప్రూఫు, అంటే తప్పులు దిద్దడానికి తీసే నమూనా ప్రతి, చదవాల్సింది డీటీపీ అయ్యాక. అది కూడా కాగితం మీద, మీ ప్రతి పక్కన పెట్టుకుని.

రాసినవాళ్ల కన్ను తప్పును దాటుకుంటూ పోతుంది. అక్కడ ఏముండాలో మనకు ముందే తెలుసు మరి. అందుకని ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు ప్రూఫు చూడాలి. 'అర్థం' రావాల్సిన చోట 'అర్ధం' పడిందా, 'కళ' 'కల' అయిందా, పేజీ చివర వాక్యం సగంలో తెగిందా, విషయసూచికలో పేజీ నంబర్లు సరిపోయాయా, అన్నీ ఓపిగ్గా చూసుకోవాలి. తప్పులు దిద్దాక వచ్చే రెండో ప్రూఫును కూడా వదలొద్దు. ఒక తప్పు దిద్దబోతే పక్కన ఇంకోటి దొర్లడం డీటీపీలో మామూలే.

ప్రెస్సువాళ్లు ఫారాల లెక్కలో మాట్లాడతారు. ప్రెస్సులో రెండువైపులా అచ్చువేసి పేజీలుగా మడిచే పెద్ద కాగితమే ఫారం. మన పుస్తకాలకు ఎక్కువగా వాడే డెమ్మీ 1/8 సైజులో ఒక ఫారం అంటే 16 పేజీలు. పుస్తకం 163 పేజీల దగ్గర ఆగిందనుకోండి, ఆ మూడు పేజీల కోసం ఇంకో సగం ఫారమైనా పడుతుంది. కాస్త సర్దితే 160లో, అంటే సరిగ్గా పది ఫారాల్లో, అయిపోతుంది.

కాపీలు ఎన్ని? ఆఫ్‌సెట్‌లో, అంటే పేజీలను ముందు ప్లేట్ల మీదికి ఎక్కించి అచ్చువేసే పద్ధతిలో, ఎన్ని కాపీలు వేసినా ప్లేట్ల ఖర్చు ఒకటే కాబట్టి, కాపీలు పెరిగేకొద్దీ ఒక్కోటీ చవకవుతుంది. "ఇంకో అయిదొందలు వేసుకోండి సార్" అనే మాట అక్కడే వస్తుంది. తొందరపడి ఒప్పుకోకండి. అమ్ముడుపోని కట్టలు మంచం కింద చేరి చెదలు పడతాయి. ముందు ప్లేట్లు అక్కర్లేని డిజిటల్ ప్రింటింగ్‌లో కొద్ది కాపీలు వేయించి, అడిగేవాళ్లు ఉంటే మళ్లీ వేయించుకోవచ్చు.

డబ్బు తీసుకుని అన్నీ మేమే చూసుకుంటాం అనే సంస్థలూ ఉన్నాయి. కాగితం మీద సంతకం పెట్టేముందు రెండు విషయాలు చూడండి: ఒకటి, హక్కులు ఎవరివి; రెండు, కవరు, లోపలి పేజీల కంప్యూటర్ ఫైళ్లు మీ చేతికి ఇస్తారా లేదా. ఫైళ్లు మీ దగ్గర లేకపోతే రెండో ముద్రణకు మళ్లీ మొదటికొస్తుంది. అలాగే మీ పుస్తకంలో వేరేవాళ్ల పాట చరణాలు, ఫొటోలు వాడుకుంటే అనుమతి తీసుకోవాలి. మన చట్టం ప్రకారం సాహిత్య రచన మీద కాపీరైటు సాధారణంగా రచయిత జీవితకాలం, ఆ తర్వాత మరో 60 ఏళ్లు ఉంటుంది.

ఐఎస్‌బీఎన్ అంటే ప్రతి పుస్తకాన్నీ విడిగా గుర్తుపట్టడానికి ఇచ్చే నంబరు. అది మన దేశంలో ఉచితం. కేంద్ర విద్యాశాఖ కింద ఉన్న రాజా రామ్మోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీ ఇస్తుంది. రచయితే సొంతంగా ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. అచ్చుకు వెళ్లేముందే తీసుకుంటే కవరు వెనక బార్‌కోడ్ వేయించుకోవడానికి వీలవుతుంది.

అమ్మకం సంగతి. పుస్తకాల షాపులవాళ్లు ధర మీద పెద్ద కమీషనే అడుగుతారు, డబ్బు చాలావరకు అమ్ముడయ్యాకే ఇస్తారు. ధర నిర్ణయించేటప్పుడే అది లెక్కలో ఉండాలి. హైదరాబాద్ బుక్ ఫెయిర్ మామూలుగా డిసెంబరులో, విజయవాడ పుస్తక మహోత్సవం జనవరిలో జరుగుతాయి. నవంబరుకల్లా పుస్తకం సిద్ధంగా ఉంటే కొత్త పాఠకులు దొరికే చోటు అదే.

ఆఖరుగా ఒకటి, చాలామందికి తెలియనిది. 1954 నాటి చట్టం ప్రకారం, పుస్తకం వెలువడిన 30 రోజుల్లోగా ప్రచురణకర్త తన సొంత ఖర్చుతో కోల్‌కతాలోని నేషనల్ లైబ్రరీకి ఒక కాపీ పంపాలి. చెన్నై కన్నెమరా గ్రంథాలయం, ముంబయి సెంట్రల్ లైబ్రరీ, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీలకూ ఒక్కొక్కటి. సొంతంగా వేసుకుంటే ఆ ప్రచురణకర్త మీరే. ప్రెస్సు నుంచి కట్టలు రాగానే ఈ నాలుగు కాపీలూ ముందు పక్కన పెట్టండి, పంపాక రసీదులు దాచుకోండి.

సెలవు.