కుళాయి తిప్పకపోయినా వచ్చే ఫీజు

అందరికీ నమస్కారం.

అమెరికాలో చాలా ఊళ్ల నీళ్ల బిల్లులో కింద ఎక్కడో ‘స్టార్మ్‌వాటర్’ (వాననీటి పారుదల ఫీజు) అని ఒక వరుస ఉంటుంది. రెండు నెలలు ఇంటికి తాళం వేసి ఇండియా వెళ్లొచ్చినా అది పైసా తగ్గదు. వాడిన నీళ్లతోగానీ ఇంటి ధరతోగానీ దానికి పని లేదు. వాన ఇంకకుండా మీరు ఎంత నేల కప్పేశారో చూస్తారు: ఇంటి కప్పు, డ్రైవ్‌వే, కాంక్రీటు పేటియో.

వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద అంగుళం వాన పడితే సుమారు 623 గ్యాలన్లు. ఆ నీళ్లు వీధి పైపుల్లోంచి వాగులోకి పోతాయి. పైపులు మార్చడం, పూడిక తీయడం ఈ డబ్బుతోనే. వాషింగ్టన్ రాష్ట్రంలోని బెల్‌వ్యూ 1974లోనే ఈ పద్ధతి పెట్టింది.

నార్త్ కరోలినాలోని రాలీ లెక్క చూడండి. అక్కడ ఫీజు లెక్కలో ఒక యూనిట్ అంటే కప్పేసిన నేల 2,260 చదరపు అడుగులు. ఇళ్లకు కప్పేసిన నేల ఎంతనేదాన్ని బట్టి ఫీజు శ్లాబులుంటాయి (ఇంత నుంచి ఇంత వరకు ఒకే ఫీజు అని). మిగతా స్థలాలకు మాత్రం కప్పేసిన నేలను 2,260తో భాగించడమే. గుడీ, పార్కింగూ కలిపి 45,200 చదరపు అడుగులుంటే 20 యూనిట్లు. గుడికి ప్రాపర్టీ ట్యాక్స్ లేదుగా అంటారు. ‘రెయిన్ ట్యాక్స్’ అని ఎగతాళి చేసినా ఇది పన్ను కాదు, సేవకు రుసుము; చర్చీలూ బడులూ కట్టాల్సిందే. అందుకే ఫెడరల్ ఆదాయపన్ను రిటర్నులో ప్రాపర్టీ ట్యాక్స్ కింద దీన్ని చూపించకూడదు.

తప్పులు ఎక్కువగా కొలతలో దొర్లుతాయి. కొలిచేది పైనుంచి తీసిన ఫొటోల మీద. కూల్చేసిన షెడ్డు పాత ఫొటోలో ఇంకా నిలబడే ఉంటుంది. పక్కింటివాళ్లతో కలిసి వాడే డ్రైవ్‌వే మొత్తం మీ ఖాతాలో పడొచ్చు. కార్లు తొక్కి గట్టిపడిన కంకరను చాలా ఊళ్లు కాంక్రీటుతో సమానంగానే లెక్కిస్తాయి. దాని మీద వాదించి లాభం లేదు.

ముందు సిటీ మ్యాపులో మీ స్థలం తెరిచి, గీసిన హద్దులు చూడండి. తేడా ఉంటే టేపుతో కొలిచి, ఫొటోలూ సర్వే ప్లానూ జతచేసి సవరణకు దరఖాస్తు పెట్టండి. ఫీజు శ్లాబుల్లో ఉన్న ఇంటికి యాభై చదరపు అడుగులు తగ్గినా సాధారణంగా బిల్లు మారదు, శ్లాబు దాటితేనే. వాననీటి చెరువు కట్టిన వాణిజ్య స్థలాలకు చాలాచోట్ల రాయితీ ఉంటుంది, కానీ తనిఖీ రిపోర్టు ఇవ్వకపోతే అది పోతుంది.

దరఖాస్తు తేలేదాకా బిల్లు ఆపకండి. ఈ ఫీజు వదిలేసి మిగతాది కట్టినా, కొన్ని ఊళ్లలో మీరు కట్టినదాంట్లోంచి ముందు ఈ ఫీజే మినహాయించుకుంటారు. అప్పుడు బాకీ పడేది నీళ్ల ఖాతా, కట్టయ్యేది కుళాయి.