బెయిలీని వెతకడానికి బెయిలీనే పంపారు: ఒక బ్రిటిష్ ఏజెంట్ కథపై చర్చ

యాంకర్: నమస్కారం. ఈ వారం చర్చ ఫ్రెడరిక్ మార్ష్‌మన్ బెయిలీ గురించి. 1882లో లాహోర్‌లో పుట్టిన బ్రిటిష్ సైనికాధికారి. టిబెట్, చైనా, మెసపొటేమియా, పర్షియా, మధ్య ఆసియాలోని తుర్కిస్తాన్... ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్లాడు. 1919లో తాష్కెంట్‌లో, అంటే ఇప్పటి ఉజ్బెకిస్తాన్ రాజధానిలో, బోల్షెవిక్ రహస్య పోలీసులు, అంటే చెకా వాళ్లు, ఎవరో తెలియక ఆయనకే ఉద్యోగమిచ్చారు. ఆ ఉద్యోగంలో ఒక పని, బెయిలీ అనే బ్రిటిష్ అధికారి ఆచూకీ తీయడం. మేడమ్, వినడానికి కట్టుకథలా ఉంది. నమ్మొచ్చా?

అధ్యాపకురాలు: నమ్మొచ్చండి. తాష్కెంట్ రోజుల గురించి ఆయన రాసిన పుస్తకం 1946లో వచ్చింది. అందులో ఇదంతా పూసగుచ్చినట్టు ఉంటుంది. అయితే ఆ ఒక్క సంగతే పట్టుకుని మురిసిపోతే అసలు కథ చేజారిపోతుంది. అక్కడికి వచ్చేసరికి ఆయన ఏడాదిగా దొంగచాటుగా బతుకుతున్నాడు. ఆ ఏడాది గురించి మాట్లాడాలి.

యాంకర్: అసలు తాష్కెంట్‌కి ఎందుకు పంపినట్టు?

దౌత్యవేత్త: 1918 నాటి భయాలు గుర్తు చేసుకోవాలి. రష్యా యుద్ధం నుంచి తప్పుకుంది. తుర్కిస్తాన్‌లో వేలాదిమంది ఆస్ట్రియన్, జర్మన్ యుద్ధఖైదీలున్నారు. వాళ్ల చేతికి తుపాకులిచ్చి ఇండియా వైపు నడిపిస్తే? అక్కడ పేరుకుపోయిన పత్తి జర్మనీకి చేరితే? పేలుడు మందుకి పత్తి కావాలి కదా. అందుకని బెయిలీని, బ్లాకర్ అనే ఇంకో అధికారిని పశ్చిమ చైనాలోని కాష్గర్ మీదుగా పంపారు. ఆగస్టులో తాష్కెంట్ చేరారు. కాని చేతిలో నియామక పత్రం లేదు. బోల్షెవిక్ ప్రభుత్వాన్ని బ్రిటన్ గుర్తించలేదు, మరి పత్రం ఎవరి పేరున ఇస్తారు? నేను ముప్పై ఏళ్లకు పైగా విదేశాంగ శాఖలో పనిచేశాను. ఏ హోదా లేకుండా ఒక మనిషిని పరాయి రాజధానికి పంపడం ఎంత ప్రమాదమో నాకు తెలుసు. పట్టుబడితే ఆయన దౌత్యవేత్త కాదు, యుద్ధఖైదీ కూడా కాదు.

యాంకర్: ఆ సమయంలోనే బ్రిటిష్ సేన బోల్షెవిక్కుల మీద కాల్పులు జరుపుతోంది కదా?

దౌత్యవేత్త: అదేనండీ అసలు ఇరకాటం! తుర్కిస్తాన్‌లోనే, పర్షియా సరిహద్దు పక్కనున్న అష్కాబాద్ దగ్గర జనరల్ మాలెసన్ నడిపిన బ్రిటిష్ సేన రంగంలోకి దిగింది. ఇక్కడ బెయిలీ స్నేహం కోసం వచ్చామంటున్నాడు. అక్కడ తుపాకులు పేలుతున్నాయి. తాష్కెంట్ కమిసార్లు, అంటే బోల్షెవిక్ ప్రభుత్వ పెద్దలు, నిలదీస్తే ఆయన దగ్గర సరైన సమాధానం లేదు.

అధ్యాపకురాలు: ఆ తుపాకులు పట్టినదెవరో కూడా చెప్పండి సార్. 19వ పంజాబీ రెజిమెంట్. మన సిపాయిలు. కాకా దగ్గర, దుషాక్ దగ్గర ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఏ దేశంలో ఉన్నారో, ఎవరితో పోరాడుతున్నారో వాళ్లలో ఎంతమందికి తెలుసు? బెయిలీ సాహసం గురించి వంద పేజీలు దొరుకుతాయి. వాళ్ల గురించి పేరా దొరకడమే కష్టం.

యాంకర్: అజ్ఞాతంలోకి ఎలా వెళ్లాడు?

అధ్యాపకురాలు: అక్టోబరులో అరెస్టు తప్పదని తెలిసింది. ఇంటి చుట్టూ పోలీసు మనుషులు కాపలా. ఒక ఇంట్లోకి వెళ్లి, ఆస్ట్రియన్ ఖైదీ యూనిఫాం వేసుకుని, వేరే దారిన బయటికొచ్చాడు. నగరంలో అలాంటి ఖైదీలు ఎటు చూసినా ఉన్నారు. ఎవరూ తేరిపార చూడరు. నాకు ఇందులో నచ్చేది అదే. అందరి కళ్లకీ అలవాటైపోయిన వేషం వేశాడు. తర్వాత కొండల్లోకి వెళ్లాడు, మంచులో పడి కాలు దెబ్బ తగిలించుకున్నాడు, తిరిగి నగరానికే వచ్చాడు. వచ్చేసరికి 1919 జనవరి తిరుగుబాటు జరిగిపోయింది. యుద్ధ కమిసార్ ఒసిపోవ్ సొంత పార్టీ వాళ్లనే 14 మంది కమిసార్లను కాల్పించాడు. అది విఫలమయ్యాక ఊరంతా అరెస్టులు, కాల్చివేతలు.

యాంకర్: అలాంటి ఊళ్లో ఎలా దాక్కున్నాడు?

అధ్యాపకురాలు: ఇళ్లలో. ఇవాళ ఒకరింట్లో, రేపు ఇంకొకరింట్లో. సోదాలు వస్తున్నాయంటే గోడ దూకి పక్కింటికి. ఒక ఐరిష్ గవర్నెస్ ఉత్తరాలు చేరవేసింది, ఆశ్రయం చూసిపెట్టింది. దొరికితే ఆయనతో పాటు ఆశ్రయమిచ్చిన కుటుంబమూ గోడకి నిలబడాల్సిందే. బెయిలీకి తప్పించుకుంటే పదవి ఉంది, పింఛను ఉంది. వాళ్లకేముంది చెప్పండి? ఒక పూట అన్నం పెట్టినందుకు పిల్లలతో సహా ఇల్లు పోగొట్టుకునే పరిస్థితి. ఆయన కథ చదివిన ప్రతిసారీ నా మనసు ఆ ఇళ్ల దగ్గరే ఆగిపోతుంది.

యాత్రికుడు: మేడమ్, నేనొక మాట కలుపుతాను. బెయిలీ జీవితమంతా అదే వరస. నేను అరుణాచల్‌లో సియాంగ్ నది వెంబడి నడిచాను, అందుకని ఆయన 1913 ప్రయాణం మీద నాకు ప్రత్యేకమైన ఆసక్తి. టిబెట్‌లోని సాంగ్‌పో, అస్సాంలోని బ్రహ్మపుత్ర ఒకటేనా? మధ్యలో పెద్ద జలపాతం ఉందా? అది తేల్చడానికి మోర్స్‌హెడ్ అనే సర్వే అధికారితో కలిసి లోయలోకి వెళ్లాడు. కాని ఆ దారి అంతకు 30 ఏళ్ల ముందే ఒకాయన తొక్కాడు. కింథుప్. సిక్కిం మనిషి, చదవడం రాయడం రాదు.

యాంకర్: ఆయన గురించి మా ప్రేక్షకుల్లో చాలామందికి తెలియదు. వివరంగా చెప్పండి.

యాత్రికుడు: 1880లో సర్వే విభాగం ఒక చైనా లామాకి తోడుగా కింథుప్‌ని పంపింది. ఆ లామా డబ్బంతా తగలేసి, కింథుప్‌ని ఒక టిబెట్ అధికారికి బానిసగా అమ్మేసి పోయాడు. కింథుప్ తప్పించుకుని ఒక మఠంలో పడ్డాడు. ఇంకొకరైతే ఇంటిదారి పట్టేవాళ్లు. ఆయన మాత్రం ఒప్పుకున్న పని మరవలేదు. 500 కట్టె దుంగలు నరికి, గుర్తులు పెట్టి, రోజుకి 50 చొప్పున సాంగ్‌పోలో వదలాలని నిశ్చయించుకున్నాడు. కింద అస్సాంలో సర్వేవాళ్లు చూస్తే రెండూ ఒకటే నది అని రుజువవుతుంది. ఫలానా రోజుల్లో వదులుతున్నానని ముందుగా ఉత్తరం రాయించి పంపాడు. చెప్పిన రోజుల్లో దుంగలు వదిలాడు. ఉత్తరం మాత్రం చేరాల్సిన అధికారికి చేరలేదు. ఆయన అప్పటికే ఇండియా విడిచి వెళ్లిపోయాడు. ఆ 500 దుంగలు ఎవరి కంటా పడకుండా సముద్రంలో కలిసిపోయాయి.

యాంకర్: అయ్యో...

యాత్రికుడు: 1884లో తిరిగొచ్చి జరిగింది చెబితే పెద్దలు సరిగ్గా నమ్మలేదు. పైగా ఆయన నోటితో చెప్పింది రాసుకున్న చోట తప్పు దొర్లింది. పెమకోచుంగ్ దగ్గర 150 అడుగుల జలపాతం ఉందని నమోదైంది. బెయిలీ వెళ్లి చూస్తే అక్కడ ఉన్నది 30 అడుగులది. మిగతా దారి, ఊళ్లు, మలుపులు మాత్రం కింథుప్ చెప్పినట్టే ఉన్నాయి. ఇక్కడ బెయిలీకి దండం పెడతాను. తిరిగొచ్చి ఊరుకోలేదు. కింథుప్ కోసం వెతికించాడు. డార్జిలింగ్‌లో బట్టలు కుట్టుకుంటూ బతుకుతున్నాడని తెలిసింది. సిమ్లాకి పిలిపించి, పింఛను ఇవ్వమని ప్రభుత్వాన్ని అడిగాడు. పింఛనైతే ఎన్నేళ్లు ఇవ్వాల్సొస్తుందోనని లెక్కలేసి, ఒకేసారి 1000 రూపాయలు చేతిలో పెట్టారు. ఆ తర్వాత కింథుప్ ఎక్కువ కాలం బతకలేదు.

అధ్యాపకురాలు: మీరు దండం పెట్టండి, తప్పులేదు. నేను మాత్రం ఆ 1000 రూపాయల దగ్గర కోపంతో ఆగిపోతాను. ఒక మనిషి నాలుగేళ్ల జీవితం, బానిసత్వంతో కలిపి.

యాత్రికుడు: కోపం న్యాయమే. అది బెయిలీ మీద కాకూడదంటాను.

అధ్యాపకురాలు: ఆయన మీద కాదు. ఆయన ఏ యంత్రానికి పనిచేశాడో దాని మీద.

యాంకర్: మళ్లీ చెకా ఉద్యోగానికి వద్దాం. ఎలా దొరికింది?

అధ్యాపకురాలు: మాండిచ్ అనే సెర్బ్ ఒకతను చెకాలో పనిచేస్తూ బెయిలీకి సాయపడ్డాడు. బెయిలీకి జోసెఫ్ కస్తమూని అనే అల్బేనియన్ వేషం కట్టారు. తాష్కెంట్‌లో అల్బేనియన్ భాష వచ్చినవాళ్లు దొరకడం కష్టం, కాబట్టి పరీక్షించేవాళ్లు లేరు. అమీరు ఏలుతున్న పక్క రాజ్యం బుఖారాకి పంపడానికి చెకాకి వేగులవాడు కావాలి. అంతకుముందు పంపిన 15 మందిని అమీరు మనుషులు పట్టుకుని చంపేశారట. ఇంకెవరూ ముందుకు రావట్లేదు. బెయిలీ వెళ్తానన్నాడు. బుఖారా సరిహద్దు దాకా చేరడానికి చెకా కాగితమే రక్షణ అయింది. దారిలో ఉండగా తాష్కెంట్ నుంచి తంతి వచ్చింది, ఆంగ్ల అధికారి బెయిలీ గురించి తెలిసిందంతా పంపమని.

యాంకర్: బుఖారా దగ్గరున్న కగాన్‌లో రాజా మహేంద్ర ప్రతాప్‌ని కూడా కలిశాడంటారు.

దౌత్యవేత్త: కలిశాడు. 1915 డిసెంబరు 1న కాబూల్‌లో భారత తాత్కాలిక ప్రభుత్వం పెట్టిన మహేంద్ర ప్రతాప్. ఎదుటనున్నది అల్బేనియన్ అనుకుని మాట్లాడారు. ఆ గదిని ఒక్కసారి ఊహించుకోండి. ఇండియా స్వేచ్ఛ కోసం ఇల్లూ సంస్థానం వదిలి దేశాలు తిరుగుతున్న మనిషి ఒకవైపు. ఆయన ఎవరిని దించాలనుకుంటున్నారో వాళ్ల మనిషి మారువేషంలో ఇంకోవైపు.

అధ్యాపకురాలు: నేను ఆ గదిలో మహేంద్ర ప్రతాప్ పక్కన నిలబడతాను. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. బెయిలీ ధైర్యం గొప్పది, ఓర్పు ఇంకా గొప్పది. కాని అవి మనల్ని ఏలిన ప్రభుత్వానికి ధారపోసిన ధైర్యం, ఓర్పు. తెలుగులో ఈ కథ చెప్పుకునేటప్పుడు ఎవరి కుర్చీలో కూర్చుని వింటున్నామో మరిచిపోకూడదు.

యాత్రికుడు: అలాగని ఆయన్ని ఆ ఒక్క కొలతతోనే కొలవలేం మేడమ్. లోయలో నీలి రంగు గసగసాల పువ్వు కనిపిస్తే కోసి జేబు పుస్తకంలో పెట్టుకుని తెచ్చాడు. తర్వాత దాని శాస్త్రీయ నామంలో ఆయన పేరు చేరింది. సీతాకోకచిలుకలు కూడా పట్టేవాడు.

అధ్యాపకురాలు: పువ్వుల మీద ప్రేమ నిజమే కావచ్చు. పువ్వులూ పురుగులూ ఏరుకునేవాణ్ణని చెప్పుకుంటే సరిహద్దుల్లో తిరగడానికి వీలు కూడా దొరికేది. రెండూ నిజమే.

యాంకర్: చివరికి ఎలా బయటపడ్డాడు?

దౌత్యవేత్త: 1919 డిసెంబరులో బుఖారా నుంచి కొందరితో కలిసి ఎడారి దారి పట్టాడు. వాళ్లలో మన సిపాయిలిద్దరు ఉన్నారు, మాలెసన్ సేనకు చెందినవాళ్లు. చలి, నీళ్లు లేని బావులు. జనవరిలో సరిహద్దు నది దగ్గర ఎర్ర సైనికులతో కాల్పులు జరిగాయి. దాటి పర్షియా చేరారు, అక్కడి నుంచి మెషెద్. తర్వాత సిక్కింలో పొలిటికల్ ఆఫీసరుగా, కాశ్మీర్‌లో రెసిడెంటుగా, నేపాల్‌లో రాయబారిగా చేశాడు. 1967లో పోయాడు.

యాంకర్: ఇంత చేసి బ్రిటన్‌కి ఒరిగిందేమిటి సార్?

దౌత్యవేత్త: పెద్దగా ఏమీ లేదు. వెళ్లిన మూడు నెలల్లోపే జర్మనీతో యుద్ధం ఆగిపోయింది. ఖైదీలు ఇండియా మీదికి రాలేదు, పత్తి కదల్లేదు. ఆ పైన 14 నెలలు ఆయన చేసిందల్లా ప్రాణం కాపాడుకోవడం. అష్కాబాద్ దగ్గర సేనని దింపేముందు తాష్కెంట్‌లో మన మనిషి ఉన్నాడే అని ఒక్కరు ఆలోచించి ఉంటే ఆ అవసరమే వచ్చేది కాదు. నేను ఇప్పటికీ కొత్తగా ఉద్యోగంలో చేరే కుర్రవాళ్లకి బెయిలీ వేషాల గురించి కాదు, ఆ రెండు ఫైళ్లు ఒకే బల్ల మీదికి ఎందుకు రాలేదో చదవమని చెబుతుంటాను.