నల్గొండలో కొలోన్ బీరు: హైబ్రిడ్ స్టైల్ కోల్ష్‌కు 50కి ఎన్ని మార్కులు?

అందరికీ నమస్తే. నల్గొండ నుంచి మాట్లాడుతున్నాను. ముందే చెప్తున్నా, ఈ వీడియో 21 ఏళ్లు నిండినవాళ్లకు మాత్రమే. అంతకన్నా చిన్నవాళ్లు ఇక్కడే ఆపేయండి.

టేబుల్ మీద ఉన్న సీసా కోల్ష్. జర్మనీలోని కొలోన్ నగరపు బీరు. అక్కడ చదువుకుంటున్న మా బావమరిది సెలవులకు వస్తూ సూట్‌కేసులో పెట్టుకొచ్చాడు. విదేశాల నుంచి వచ్చే ప్రయాణికులు 2 లీటర్ల దాకా సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. లేబుల్ మీద కాగితం ఎందుకు అంటించానంటే, నాకు మద్యానికి ప్రచారం చేసే ఉద్దేశం లేదు. నేను చూడాలనుకున్నది బ్రాండును కాదు, ఈ స్టైల్‌ను.

మన దగ్గర వైన్స్ కౌంటర్‌లో రెండే మాటలు వినిపిస్తాయి. "స్ట్రాంగా, లైటా?" "కూలింగ్ ఉందా?" మే నెలలో 43, 44 డిగ్రీల ఎండలో ఆ రెండో ప్రశ్న ఎవరైనా అడుగుతారు, అందులో తప్పు లేదు. కానీ ఆ రెండు ప్రశ్నలతో ఈ బీరు గురించి ఏమీ తెలియదు. దీనిలో ఆల్కహాల్ 4.8 శాతమే. స్ట్రాంగ్ తాగేవాళ్లు చేత్తో కూడా ముట్టరు. గడ్డకట్టేంత చల్లగా తాగితే ఇందులో ఉన్న మంచి మొత్తం పోతుంది. అది కళ్లారా చూపిద్దామనే ఈ వీడియో.

హైబ్రిడ్ అంటే ఏంటో ముందు చూద్దాం. బీర్లలో పెద్ద కుటుంబాలు రెండు, ఏల్, లాగర్. తేడా అంతా ఈస్ట్‌ది, అంటే తీపిని ఆల్కహాల్‌గా మార్చే సూక్ష్మజీవిది, అది పనిచేసే వేడిది. ఏల్ ఈస్ట్ 18 నుంచి 22 డిగ్రీల్లో హుషారుగా పులియబెడుతుంది, పండ్ల వాసనలు పుట్టిస్తుంది. లాగర్ ఈస్ట్‌కు 8 నుంచి 13 డిగ్రీల చల్లదనం కావాలి. నెమ్మదిగా, శుభ్రంగా పని చేస్తుంది. మన తాటికల్లునే చూడండి. పొద్దున చెట్టు దగ్గర తాగితే తియ్యగా ఉంటుంది, మధ్యాహ్నానికి పుల్లబడుతుంది. ఈస్ట్, బ్యాక్టీరియా రెండూ మన ఎండలో పట్టపగ్గాల్లేకుండా పని చేయడం వల్లే అలా జరుగుతుంది. బీరు చేసేవాడి నైపుణ్యంలో సగం ఆ వేడిని పట్టి ఉంచడంలోనే ఉంది.

హైబ్రిడ్‌లో ఈ రెండు పద్ధతులూ కలుస్తాయి. కోల్ష్‌లో ఉండేది ఏల్ ఈస్ట్. కానీ దాన్ని అలవాటైన వేడి కన్నా కాస్త చల్లగా, 15 నుంచి 18 డిగ్రీల మధ్య పులియబెడతారు. ఆ తర్వాత లాగర్‌లాగా సున్నాకు దగ్గరగా వారాల తరబడి ఉంచుతారు. పండు వాసన చాలావరకు తగ్గి, లీలగా మిగులుతుంది. దీనికి పూర్తిగా తిరగబడిన పద్ధతి కాలిఫోర్నియాలో పుట్టింది. 19వ శతాబ్దంలో అక్కడ మంచు దొరక్క, లాగర్ ఈస్ట్‌నే వేడిలో పులియబెట్టారు. దాన్నే స్టీమ్ బీర్ అన్నారు. 1896 నుంచి ఆ పేరు నిలబెట్టిన శాన్ ఫ్రాన్సిస్కో యాంకర్ బ్రూవరీ 2023లో మూతపడింది. ఆ వార్త చదివిన రోజు నాకు నిజంగా బాధేసింది.

కొలోన్ వాళ్లకు తమ బీరంటే చాలా పట్టింపు. 1986లో అక్కడి బ్రూవరీలన్నీ కూర్చుని ఒప్పందం రాసుకున్నాయి, కోల్ష్ అంటే ఇలా ఉండాలని. 1997లో యూరోపియన్ యూనియన్ ఆ పేరుకు రక్షణ ఇచ్చింది. మన పోచంపల్లి ఇక్కత్‌కు జీఐ, అంటే ఊరి పేరుకు చట్టపు గుర్తింపు, ఉన్నట్టే. అక్కడి సంప్రదాయ బీరు హాళ్లలో 200 మిల్లీలీటర్ల సన్నటి, నిటారు గ్లాసులో పోస్తారు. గ్లాసు ఖాళీ కాగానే అడగకుండానే ఇంకొకటి తెచ్చి పెడతారు. చాలనుకుంటే కింద పెట్టే అట్టను గ్లాసు మీద పెట్టాలి. ఈ చిన్న గ్లాసు నాకు చాలా నచ్చింది. మన దగ్గర 650 మిల్లీలీటర్ల సీసా తెరిస్తే, గబగబా తాగాలి, లేదంటే చివరి మూడో వంతు వేడెక్కిపోతుంది. 200 అయితే మొదటి గుక్క నుంచి చివరి గుక్క దాకా ఒకేలా ఉంటుంది.

ఇప్పుడు టేస్టింగ్. నేను వాడేది బీజేసీపీ అనే అమెరికన్ సంస్థ మార్కుల పద్ధతి. బీరు పోటీల్లో జడ్జీలు దీన్నే వాడతారు. వాళ్ల 2008 నాటి నియమావళిలో హైబ్రిడ్ అనే పేరుతోనే రెండు విభాగాలుండేవి, 2015లో ఆ పేరు తీసేశారు. మొత్తం 50 మార్కులు. వాసనకు 12, రూపానికి 3, రుచికి 20, నోట్లో తగిలే తీరుకు 5, మొత్తం మీద ఎలా ఉందన్నదానికి 10. చూపుకు మూడే మార్కులు, అది గుర్తుపెట్టుకోండి.

గ్లాసును సబ్బు మిగలకుండా కడిగి, తుడవకుండా బోర్లించి ఆరబెట్టాను. నూనె చుక్క అంటినా నురగ నిలవదు. పోస్తున్నాను చూడండి. లేత బంగారు రంగు, అద్దంలాంటి తేట. వెనకాల పేపరు పెడితే అక్షరాలు చదవొచ్చు. నురగ తెల్లగా లేచి కొంచెం త్వరగానే తగ్గింది, ఈ స్టైల్‌కు అది మామూలే. 3కి 3.

వాసన చూద్దాం. ఫ్రిజ్‌లోంచి ఇప్పుడే తీసింది. ఏమీ తెలియడం లేదు, చల్లదనం తప్ప. ఇక్కడే చాలామంది "ఇందులో ఏముంది" అని పక్కన పెట్టేస్తారు. పది నిమిషాలు ఆగుదాం.

ఆగాం. గ్లాసు చల్లదనం తగ్గింది, 6, 8 డిగ్రీల మధ్య ఉండొచ్చు. ఇప్పుడు వస్తోంది. బేరిపండు. దాని వెనక అప్పుడే కాల్చిన బ్రెడ్డు వాసన, బీరుకు చేదు, వాసన ఇచ్చే హాప్స్ అనే పువ్వులది కొంచెం పచ్చిగడ్డి, పూల వాసన. అన్నీ సన్నగానే ఉన్నాయి, గాఢంగా ఏదీ లేదు. ఈ సన్నదనమే ఈ బీరు గొప్ప. 12కి 9 ఇస్తున్నా. హాప్స్ వాసన కొంత వాడిపోయింది, లేకపోతే 10 ఇచ్చేవాణ్ణి.

రుచి. నాలుక మీద పడగానే మాల్ట్, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ, తీపి కొద్దిగా, వెంటనే పొడిగా అయిపోతుంది. చేదు ఉంది, కానీ గొంతులో వేలాడదు. మింగాక బేరిపండు మళ్లీ పైకి వస్తుంది. ఇంతవరకు అద్భుతం. కానీ చివర్లో తడిసిన అట్టపెట్టె లాంటి రుచి లీలగా తగులుతోంది. అది ఆక్సిజన్, వేడి కలిసి చేసే పని. విమానంలో వచ్చి, అక్కడి నుంచి ఎండలో కారు డిక్కీలో వచ్చిన సీసా ఇది. తయారుచేసినవాళ్లను తప్పుపట్టలేను, కానీ నోటికి తగిలినదానికే మార్కులు వేయాలి. 20కి 14.

నోట్లో తేలికగా ఉంది, గ్యాస్ సరిపడా ఉంది, 5కి 4.

ఇక స్టఫ్. రెండు పెట్టుకున్నాను. ఒకటి ఉప్పు వేసి ఉడకబెట్టిన పాలమూరు పల్లీలు, రెండోది బోటి వేపుడు. పల్లీలతో ఈ బీరు ఎంత బాగుందో చెప్పలేను. ఉప్పు తగలగానే మాల్ట్ తీపి తేలింది, బేరిపండు వాసన చెదరలేదు. బోటితో మాత్రం కుదరలేదు. కారం, మసాలా ముందు బీరు నీళ్లలా అయిపోయింది. పైగా పెదాల నూనె తగిలి, ఉన్న కాస్త నురగ కూడా పోయింది. బోటికి ఇంకాస్త ముదురు మాల్ట్ ఉన్న బీరు కావాలి. సాగర్ చేపను తక్కువ కారంతో వేయిస్తే దీనికి సరిపోతుందని నా నమ్మకం.

మొత్తం మీద ఎలా ఉందన్నదానికి 10కి 7. అంతా కలిపితే 50కి 37. ఆ పద్ధతిలో 30 నుంచి 37 దాకా "చాలా మంచిది". తాజాగా, కెగ్ అనే పెద్ద పీపా నుంచి తాగితే పైమెట్టు ఎక్కుతుందనడంలో నాకు సందేహం లేదు.

కాబట్టి విదేశీ సీసా కోసం ఎవరినీ ఇబ్బంది పెట్టకండి. హైదరాబాద్‌లో మైక్రోబ్రూవరీకి వెళ్లినప్పుడు బోర్డు మీద కోల్ష్ కనిపిస్తే రెండు మాటలు అడగండి. ఈ బ్యాచ్ ఎప్పటిది? ఫ్రీజర్‌లో పెట్టని గ్లాసులో, చిన్న కొలతలో పోస్తారా? మొదటిదానికి సరైన జవాబు రాకపోతే వేరే బీరు తీసుకోండి. తిరుగు ప్రయాణానికి బండి తీసుకెళ్లకండి, బస్సులో రండి.

కొలోన్ పక్కనే ఉన్న డ్యుసెల్‌డార్ఫ్ వాళ్ల ఆల్ట్‌బియర్ కూడా ఈ హైబ్రిడ్ కోవలోదే, రంగు రాగి, మాల్ట్ ముదురు. అది దొరికితే ఈ బోటి వేపుడుతోనే టేస్ట్ చేసి చూపిస్తాను.