మొక్క కొనేటప్పుడు సంచి కోసి చూడండి

ఈ ఏడాది బీఎస్సీ హార్టికల్చర్‌లో చేరిన పిల్లలకూ, వాళ్లను దిగబెట్టడానికి వచ్చిన తల్లిదండ్రులకూ నమస్కారం.

"గార్డెన్లు వేయడానికి నాలుగేళ్ల చదువెందుకండీ?" అని తల్లిదండ్రులు అడుగుతుంటారు. అడగాల్సిన ప్రశ్నే. విశాఖపట్నం సంగతి చెబుతాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుకు ఆ ఊళ్లో చెట్లు కుప్పకూలాయి. మళ్లీ పచ్చదనం త్వరగా రావాలని ఏడాకుల పాల మొక్కలు విరివిగా నాటారు. అది మన దేశపు చెట్టే. కానీ వీధుల పొడవునా అదే ఉండేసరికి, చలికాలం మొదట్లో ఆ పూల ఘాటుకు తలనొప్పి, ఆయాసం అంటూ జనం ఫిర్యాదులు మొదలుపెట్టారు. తెలంగాణలో కోనోకార్పస్ అనే విదేశీ చెట్టుదీ దాదాపు ఇదే కథ. తొందరగా పెరుగుతుంది, పశువులు ముట్టవు, ఏడాదంతా పచ్చగా ఉంటుంది. డివైడర్లకు ఇంకేం కావాలి అనుకున్నారు. చివరికి 2022లో హరితహారంలో దాన్ని నాటొద్దని ప్రభుత్వమే చెప్పాల్సి వచ్చింది.

రెండు చోట్లా నాటినవాళ్ల ఉద్దేశం మంచిదే. పదేళ్ల తర్వాత ఈ చెట్టు ఎలా ఉంటుంది, పక్కన ఉండేవాళ్లకు ఏమవుతుంది అని ముందే అడిగే మనిషి అక్కడ ఉండాలి. ఆ మనిషి మీరు కావాలని నా కోరిక.

కంప్యూటర్లో డిజైన్ గీయడం మీకు త్వరగానే వచ్చేస్తుంది. నేను పట్టుబట్టేది మట్టి కింద సంగతుల గురించి. నర్సరీలో పాలిథిన్ సంచిలో చాలాకాలం ఉండిపోయిన మొక్కను చూడండి. పైకి నిగనిగలాడుతుంది. సంచి కోస్తే లోపల వేళ్లు గుండ్రంగా చుట్టుకుపోయి ఉంటాయి. అలాగే గుంతలో పెడితే అవి బయటి మట్టిలోకి సరిగా పాకవు, చుట్టుకుంటూనే లావెక్కుతాయి. చెట్టు మాత్రం కొన్నేళ్లపాటు ఏపుగానే కనిపిస్తుంది. ఒక పెద్ద గాలి వచ్చిన రోజున మొదలంటా ఒరిగిపోతుంది. నింద గాలి మీదికి పోతుంది. నాటే ముందు ఆ చుట్లను పదునైన కత్తితో కోసి, వేళ్లు విడదీయాలి. మరీ ముదిరిపోతే ఆ మొక్క కొననే కొనొద్దు.

నేల కూడా అంతే. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. ఎర్రనేలలో నీళ్లు తొందరగా ఇంకిపోతాయి. ఒకే డిజైన్ రెండింటికీ పనికిరాదు.

తురాయి ఎంత అందంగా పూసినా ఇరుకు వీధిలో వద్దంటాను, దాని కొమ్మలు పెళుసు. కానుగ, పొగడ నాటండి. వేసవిలో తాగునీటికి ట్యాంకర్లు తిరిగే ఊళ్లో ఎవరైనా పెద్ద లాన్ అడిగితే, వద్దని చెప్పే ధైర్యం మీకుండాలి. డబ్బులిచ్చే క్లయింటుతో ఆ మాట అనడం కష్టమే, అయినా అనాలి.

ఉద్యోగాల గురించి టెన్షన్ పడకండి. మున్సిపాలిటీలు, రియల్ ఎస్టేట్ కంపెనీలు, హోటళ్లు ఉన్నాయి. కడియం లాంటి చోట్ల సొంత నర్సరీలతో స్థిరపడ్డవాళ్లూ ఉన్నారు.

మొదటి ప్రాక్టికల్ సోమవారం పొద్దున, నర్సరీ షెడ్ దగ్గర. ఒక్కొక్కరికీ సంచిలో ఒక మొక్క ఇస్తాం. నాటడం తర్వాత. ముందు సంచి కోసి, కనిపించిన వేళ్లను ఉన్నవి ఉన్నట్టు రికార్డులో గీయాలి. మట్టి అంటినా పర్లేదనుకునే బట్టలు వేసుకుని రండి.