గరుసు నేల మీద సైకిల్ సవారీ

శ్రోతలకు నమస్కారం.

తెలంగాణలోని కోయిల్‌కొండ, దేవరకొండ, రాచకొండ చుట్టుపక్కల గుట్టల నడుమ ఎడ్లబండ్లూ మేకల మందలూ తరతరాలుగా నలిపిన బాటలు నేటికీ ఉన్నాయి. మౌంటెన్ బైకింగ్, అంటే కొండబాటల మీద సైకిల్ తొక్కడం, నేర్చుకోవాలనుకునే మన యువతకు ఇంతకంటే మంచి నేల దొరకదని నా అభిప్రాయం.

1970లలో అమెరికాలోని కాలిఫోర్నియాలో కొందరు యువకులు పాత బరువు సైకిళ్ళతో మట్టిబాటల వెంట కొండ దిగుతూ పందేలు వేసుకునేవారు. కిందికి చేరేసరికి వెనుక చక్రపు బ్రేకులోని గ్రీజు కాలి పొగలు వచ్చేవి. తిరిగి గ్రీజు పెడితే గాని సైకిలు మళ్ళీ దిగడానికి పనికివచ్చేది కాదు. ఆ సరదాయే 1996 అట్లాంటా ఒలింపిక్స్ నాటికి పతకాల క్రీడ అయింది. నాటి ఇబ్బంది బ్రేకుదే, నేడు మన గుట్టల మీద ఇబ్బందీ బ్రేకుదే. కాకపోతే కారణం వేరు.

మన గుట్టలు దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైటు. ఎండకూ వానకూ ఆ రాయి చివికినప్పుడు అందులోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం బంకమట్టిగా మారి నీటితో కొట్టుకుపోతుంది, క్వార్ట్జ్ అనే గట్టి ఖనిజపు పలుకులు మాత్రం గరుసుగా మిగిలిపోతాయి. గట్టి బండపై పరుచుకున్న ఈ పలుకులు టైరు కింద దొర్లుతాయి కనుక, మలుపులో వంగి ఉన్నప్పుడు ముందు బ్రేకు గట్టిగా పట్టినవారు పడక తప్పదు. వేగాన్ని మలుపుకు ముందే, సైకిలు నిటారుగా ఉన్నప్పుడే తగ్గించుకుని, మలుపులో బ్రేకు వదిలేయాలి. దిగుడులో సీటు మీద నుంచి లేచి, పెడళ్ళను సమంగా ఉంచి, నడుమును వెనక్కు జరిపి, మోచేతులనూ మోకాళ్ళనూ వదులుగా ఉంచాలి. చూపు ముందు చక్రం మీద కాకుండా వెళ్ళవలసిన దారి మీద ఉండాలి. వెనుక చక్రాన్ని బిగబట్టి ఈడ్చుకుంటూ దిగడం చూడడానికి ఘనంగా ఉంటుంది గాని, ఆ గీతలోనే వాన నీరు పారి, కొన్నేళ్ళకు బాట కాస్తా ఒర్రె అవుతుంది.

సైకిలు విషయానికి వస్తే, ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కులో కుదుపులను మింగే 100 మిల్లీమీటర్ల కదలిక, డిస్క్ బ్రేకులు ఉంటే చాలు. వెనుక కూడా షాక్ అబ్జార్బర్ ఉన్న ఖరీదైన సైకిలు తొలి ఏడాది దండగే. టైరులో గాలి రాయిలా గట్టిగా కొట్టించకూడదు. వెడల్పాటి ట్యూబ్‌లెస్ టైరుకు సుమారు 25 పీఎస్‌ఐ గాలి ఒత్తిడి ఉంటే అది బండను అంటిపెట్టుకుని సాగుతుంది. ట్యూబు ఉంటే మరికొంత ఎక్కువ కావాలి, లేకపోతే రాయికీ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగి తెగుతుంది. పల్లేరు కాయలూ సర్కారు తుమ్మ ముళ్ళూ ఉన్న చోట ట్యూబ్‌లెస్సే మేలు. అయితే ముళ్ళు గుచ్చిన రంధ్రాలను పూడ్చడానికి లోపల పోసే సీలెంటు ద్రవం మన ఎండలకు త్వరగా ఆరిపోతుంది. కొన్నప్పుడు ఈ మాట ఎవరూ చెప్పరు.

వాన వెలిసిన వెంటనే ఎర్రటి ఇసుక పాలున్న చెలక నేల మీద వెళ్ళవచ్చు, నల్లరేగడి మీద మాత్రం చక్రం తిరగనంతగా మట్టి పేరుకుంటుంది. మంద ఎదురైతే దిగి నిలబడాలి. సీతాఫలాల కాలంలో గంపలతో గుట్ట దిగే వారికే బాట వదలాలి. కోటల మెట్ల మీద సైకిలు నడపడం తగదు, అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోకి అటవీ శాఖ అనుమతి లేకుండా వెళ్ళరాదు.

వేసవిలో బండలు పొద్దెక్కకముందే కాగుతాయి కాబట్టి తెల్లవారుజామునే బయలుదేరి, తగినన్ని నీళ్ళు వెంట తీసుకువెళ్ళాలి. గుట్ట అవతల ఫోను సిగ్నల్ అందకపోవచ్చు. అందుచేత హెల్మెట్ పెట్టుకుని, తోడుగా మరొకరిని తీసుకుని, ఏ బాటన వెళ్తున్నదీ ఇంట్లో చెప్పి వెళ్ళండి. నమస్కారం.