పీఆర్వో కంటే ముందు మీరు వెళ్లండి

(కర్నూలు పాతబస్తీలో సాయంత్రం పూట ట్యూషన్లు చెబుతున్న డిగ్రీ విద్యార్థులతో ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు మాట్లాడిన మాటలు)

అందరికీ నమస్కారం. కూచోండి, కూచోండి. ఫ్యాను ఇటువైపు తిప్పితే చాలు.

చదువు గొప్పదనం గురించి నేనేమీ చెప్పబోవడం లేదు. అది మీకు తెలుసు, పాతబస్తీలో అమ్మలకు మీకంటే బాగా తెలుసు. నేను చెప్పేది పదో తరగతి ఫలితాలొచ్చాక, ఏప్రిల్ ఆఖరు నుంచి జూన్ మొదటి వారం దాకా ఉండే ఆ ఐదారు వారాల గురించే. అప్పుడు మీరు పిల్లల ఇళ్లకు వెళ్లాలి.

మున్సిపల్ బడిలో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పాను. మార్చిలో పరీక్షలైపోతే నా పని అయిపోయిందనుకునేవాణ్ణి. 2024లో పదో తరగతి ఫలితాలు గుర్తున్నాయా? రాష్ట్రం మొత్తం మీద 86.69 శాతం పాస్. మన కర్నూలు జిల్లా 62.47. జిల్లాలన్నింటిలో అట్టడుగున మనమే. పేపర్లో ఆ అంకె చూసి అందరూ టీచర్లను తిట్టారు. తిట్టాల్సిందేలెండి, మా తప్పు లేదనను. కానీ తప్పినవాళ్లు నూటికి ముప్పై ఏడు మందికి పైనే ఉన్నారు కదా, మర్నాడు వాళ్ల ఇళ్లకు ఎవరైనా వెళ్లారా అని మాత్రం ఎవరూ అడగలేదు.

నేనూ వెళ్లలేదు. అంతకు ముందు ఒక ఏడాది జరిగింది చెబుతాను. ఒక అబ్బాయి లెక్కల్లో తప్పాడు, నా సబ్జెక్టులోనే. 29 వచ్చాయి, ఆరు మార్కులు తక్కువ. సప్లిమెంటరీకి ఫీజు కట్టడానికి వాడే వస్తాడులే అనుకున్నాను. ఫీజు నూటపాతిక రూపాయలు దాటదు, కానీ గడువు కొద్ది రోజులే. ఆ కొద్ది రోజుల్లోనే వాళ్ల మామ వాణ్ణి బైకు మెకానిక్ షెడ్డుకు తీసుకుపోయాడు, ‘ఇంట్లో కూచుని ఏడ్చి ఏం చేస్తావురా’ అని. మంచి మనసుతోనే తీసుకుపోయాడు. శనివారం వాడు వెయ్యి రూపాయలు తెచ్చి అమ్మ చేతిలో పెట్టాడు. నేను వెళ్లింది ఆ తర్వాత. గ్రీసు చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. ‘వచ్చే సంవత్సరం రాస్తాను సార్’ అన్నాడు. వాళ్లమ్మ టీ ఇచ్చింది. వాడు రాయడని ముగ్గురికీ తెలుసు.

వెయ్యి రూపాయలు ఇంటికొచ్చాక మీరెంత మాట్లాడినా వినపడదు. రాక ముందైతే నూటపాతికతో అయ్యే పని.

అందుకని ఫలితాలొచ్చిన రోజు వెళ్లకండి. ఆ రోజు ఇంట్లో ఏడుపులు, తిట్లు. మర్నాడు పొద్దున్నే, పనులకు పోకముందు వెళ్లండి. తప్పిన పిల్లాడితో ‘ఏం కాదులే’ అనకండి, వాడికి ఒళ్లు మండుతుంది. ఏ సబ్జెక్టు పోయింది, ఎన్ని మార్కులు తక్కువ, ఫీజుకు ఆఖరు తేదీ ఎప్పుడు అన్నవి మాట్లాడండి, చాలు. మే నెలలో సప్లిమెంటరీ పాసైతే అదే ఏడాది ఇంటర్లో చేరొచ్చు. ఈ ఒక్క ముక్క తెలియక ఏడాది పోయిందనుకుని పనికి పోయినవాళ్లు మన వీధుల్లో బోలెడంత మంది.

ఇక పాసైనవాళ్లు. వీళ్లకేం ఢోకా లేదనుకుంటాం, అక్కడే దెబ్బతింటాం.

పదో తరగతి పరీక్షలు కూడా అయ్యుండవు, అప్పటికే ప్రైవేటు కాలేజీల పీఆర్వోలు, అంటే పిల్లల్ని చేర్పించే పని మీదుండే కుర్రాళ్లు, వీధుల్లో తిరుగుతుంటారు. పిల్లల ఫోన్ నంబర్లు వాళ్లకెలా దొరుకుతాయని నన్నడగకండి. తెలుసు గానీ చెప్పను. ఇంటికొస్తారు, చెప్పులు విడిచి చాప మీద కూచుంటారు, ‘అమ్మా, మీ పాపకు సగం ఫీజే’ అంటారు. ఒరిజినల్ టీసీ, అదే బడి ఇచ్చే బదిలీ సర్టిఫికెట్, అడుగుతారు. అది చేతికిచ్చారంటే అయిపోయినట్టే. రెండో ఏడాదికి ఆ సగం ఫీజు కాస్తా పూర్తి ఫీజవుతుంది, కట్టలేక పిల్ల మానేస్తుంది, టీసీ మాత్రం వాళ్ల బీరువాలో ఉంటుంది. ఒక కాలేజీలో అలాంటి టీసీ కోసం ఒక తండ్రితో కలిసి నేను నాలుగుసార్లు తిరిగాను.

ఆ పీఆర్వో కుర్రాళ్లను తిట్టడం నాకిష్టం లేదు. వాళ్లవీ చిన్న జీతాలే, వాళ్లకూ టార్గెట్ల టెన్షనే. కాకపోతే వాళ్లు ఇంటికొచ్చారు, మనం వెళ్లలేదు. సర్కారు జూనియర్ కాలేజీకి పీఆర్వో లేడు. ఈ వేసవికి మీరే పీఆర్వోలు.

ఒకమ్మాయికి ఐదు వందలు దాటి మార్కులొచ్చాయి. నేను స్వీటు కూడా తీసుకెళ్లాను. కాలేజీ సంగతి ఎత్తితే వాళ్లమ్మ, ‘ఎండలు తగ్గినాక చూద్దాంలే సార్, యాడికి పోతుంది కాలేజీ’ అనింది. నిజమే కదా అనుకుని వచ్చేశాను. జూన్లో వెళితే ఆదోని సంబంధం మాట్లాడుతున్నారు. పద్దెనిమిది నిండకుండా చేస్తే కేసవుతుందని గట్టిగా చెప్పాం. పెళ్లి ఆగింది. చదువూ ఆగింది. ఆ తల్లి చెడ్డదేం కాదు. కాలేజీలో పేరున్న పిల్లను మాన్పించాలంటే చుట్టుపక్కల వాళ్లకు ఏదో ఒక కారణం చెప్పుకోవాలి. ఏ కాలేజీలోనూ పేరు లేని పిల్ల గురించి ఎవరూ అడగరు. అందుకే దరఖాస్తు మేలోనే పడాలి. సీటొచ్చినా రాకపోయినా పేరు ఒకచోట ఉండాలి.

కాగితాల సంగతికొద్దాం. 2009 అక్టోబరు వరద మీకు తెలియదు, మీరప్పటికి చంటిపిల్లలు. తుంగభద్ర, హంద్రీ రెండూ ఊళ్లోకి వచ్చాయి. నీళ్లు తీశాక మా బడి అడ్మిషన్ రిజిస్టర్లను మిద్దె మీద ఆరబెట్టాం, పేజీకీ పేజీకీ మధ్య పాత పేపర్లు పెట్టి. సిరా కారిపోయి ఒకచోట ఇంటిపేరు, ఇంకోచోట పుట్టిన తేదీ మాసిపోయాయి. తెలిసినంత మట్టుకు మేమే తిరిగి రాశాం. ఆ తర్వాత ఆధార్ వచ్చింది, దాంట్లో పేరు ఇంకోలా పడింది. మేమారోజు పెన్నుతో రాసిన అక్షరానికీ ఆధార్‌లో అక్షరానికీ కుదరక ఎన్ని స్కాలర్‌షిప్పులు ఆగాయో నాకు తెలుసు.

మొదటిసారి వెళ్లినప్పుడే ఆ ఇంటి కాగితాల కవరు బయటికి తీయించండి. మెడికల్ షాపు కవర్లోనో, బిస్కెట్ల డబ్బాలోనో ఉంటాయి. మార్కుల మెమోలో పేరు, ఆధార్‌లో పేరు, పుట్టిన తేదీ పక్కపక్కన పెట్టి చదవండి. తేడా ఉంటే సరిచేయించడానికి వారాలు పడుతుంది, కౌన్సెలింగ్ రోజున జరిగే పని కాదు. కులం, ఆదాయం సర్టిఫికెట్లకు వార్డు సచివాలయంలో అప్పుడే పెట్టించండి. స్టడీ సర్టిఫికెట్లు పాత బడుల నుంచి తెప్పించండి. పాపం, మూడు బడులు మారిన పిల్లలుంటారు. అమ్మ బ్యాంకు ఖాతా ఆధార్‌తో ఎన్‌పీసీఐలో లింకయిందో లేదో కూడా చూడండి, సర్కారు డబ్బులు పడేది ఆ లింకు మీదే. 2025లో పిల్లల చదువుకని తల్లుల ఖాతాల్లో వేసే తల్లికి వందనం కింద 13,000 పడ్డప్పుడు పక్కింటావిడకు పడి తనకు పడని తల్లులు నా దగ్గరకు కూడా వచ్చారు. చూస్తే చాలామందిది ఈ లింకు సమస్యే.

ఏ చదువు అన్నదానికి నేను చెప్పేది కొంచెమే, మీకు నాకంటే ఎక్కువ తెలుసు. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీకి వేరే పరీక్ష లేదు, పదో తరగతి మార్కులే చూస్తారు. మామూలు ప్రభుత్వ, మున్సిపల్ బడి పిల్లలకు 4 శాతం కలుపుతారు కూడా. ఆరేళ్ల చదువు, హాస్టల్ అక్కడే. ఆడపిల్లను అంత దూరం పంపలేమంటారు, మీరు బలవంతం చేయొద్దు. అక్కడ చదువుతున్న మన వీధి అమ్మాయి ఎవరైనా ఉంటే వాళ్లమ్మతో ఈ అమ్మను మాట్లాడించండి. పాలిటెక్నిక్ మూడేళ్లు చేసి ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. ఊళ్లో ఉండి చదవాలంటే ఉస్మానియా కాలేజీ 1947 నుంచి ఉంది, సిల్వర్ జూబ్లీ కాలేజీ 1972 నుంచి ఉంది. ఈ ఊరికి కాలేజీలు లేక కాదు.

ఇంకోటి మరిచిపోయాను. అదే ఇంట్లో ఎనిమిదో తరగతి తమ్ముడో చెల్లెలో ఉంటే ఎన్‌ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్ష సంగతి చెప్పండి. ఆదాయం మూడున్నర లక్షల లోపుండాలి, సర్కారు బడిలో చదువుతుండాలి. నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000. ఏటా రెన్యువల్ చేయించాలి, అది మరిచిపోయి పోగొట్టుకుంటారు.

ఒక ముసలి జేజి నన్నడిగింది, ‘బళ్లో అయితే మధ్యాహ్నం అన్నం పెడ్తారు నాయనా, కాలేజీలో ఎవురు పెడ్తారు?’ అని. నవ్వొద్దు. రోజూ టిఫిన్ డబ్బా కట్టలేని ఇల్లు అది. సర్కారు జూనియర్ కాలేజీల్లో 2025 జనవరి నుంచి డొక్కా సీతమ్మ గారి పేరున మధ్యాహ్న భోజనం పెడుతున్నారు. మిగతావన్నీ మరిచిపోయినా ఇది మాత్రం ప్రతి ఇంట్లో చెప్పండి.

సరే, పేర్లు రాసుకుందాం. బుధవారపేటకు ఇద్దరున్నారు. ఖడక్‌పురకు ఉర్దూ వచ్చిన అమ్మాయి ఒకరు వస్తానన్నారు, ఆమెకు తోడు ఇంకొకరు కావాలి. బండిమెట్ట నాది, ఎండలో మెట్లెక్కలేను గానీ పొద్దున్నే పోతాను. జొహరాపురానికి మాత్రం ఇంకా ఎవరూ పేరివ్వలేదు.